గాలి ఎంతుందని అడుగు

జూన్ 3, మంగళవారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్పినదాన్ని. జరిగిపోయిన రోజును మళ్ళీ కాగితం మీద జరిపించుకునేవాళ్ళకు చేతినిండా పని లేదని నా అభిప్రాయం. అయినా ఈ రోజు మొదలుపెడుతున్నాను. నిన్న భోజనాల దగ్గర ఒకటి చూశాను, ఇంట్లో ఎవరితోనూ అనలేకపోయాను. అనకుండా దాచుకున్నదాన్ని మనసు ఉన్నదున్నట్టు ఉంచదు, రోజుకింత చొప్పున మనకు అనుకూలంగా దిద్దుతుంది. దిద్దకముందే రాస్తున్నాను.

రక్షక దళంలో లోతు నీళ్ళలోకి దిగే ఈతగాళ్ళ శిక్షణ మొదలైన దగ్గర్నుంచి ఇంట్లో మనవరాలికి జోడీని నేనే. నీటి కింద మాటలుండవు, చేతులే. బల్లకి ఇవతల కూర్చుని నేను సైగతో అడుగుతాను, అవతల కూర్చుని బుడుబుంగ సైగతో చెప్పాలి. (బుడుబుంగ అని పెట్టింది వాళ్ళ తాత. ఇక్కడ మునిగి అక్కడ తేలే నీటిపిట్ట. అసలు పేరుతో దాన్ని పిలిచేది హాజరు పట్టీ ఒక్కటే.) బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే "బాగున్నావా" అని ప్రశ్న. బాగుంటే అవతలివాళ్ళూ అదే సున్నా చుట్టాలి. నా సర్వీసంతా సున్నా వేస్తే పిల్లలు ఏడ్చారు, వీళ్ళకేమో సున్నా వస్తే పండగ. ఇది దానితో అంటే పడీ పడీ నవ్వింది.

నిన్న నేను సున్నా చుట్టాను. అదీ చుట్టింది. బొటనవేలు పైకి చూపించాను, పైకి పోదామని. జవాబుగా సున్నా. చెవి ముట్టుకుని చెయ్యి ఊపాను, చెవి నొప్పిగా ఉందా అని. మళ్ళీ సున్నా. "వేళాకోళమా?" అన్నాను. సున్నా. చూపు నా మీద లేదు, నా వెనక గోడ మీదా లేదు. రెండు వేళ్ళూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. నోట్లో ఏమీ లేకుండానే పెదవులు చప్పరిస్తోంది. ఎడమచేతిలో గ్లాసు వంగి నీళ్ళన్నీ ఒళ్ళో పడుతున్నా తెలియలేదు.

కాసేపటికి, "ఛీ, నా మీద నీళ్ళెవరు పోశారమ్మమ్మా?" అంది.

"నువ్వే, మొద్దూ."

నవ్వింది. నేనూ నవ్వాను.

నిద్ర చాలకపోయి ఉంటుంది.

జూన్ 4

నిద్ర చాలకే. ఈ రోజు బాగానే ఉంది.

జూన్ 8, ఆదివారం

ఇంటివాళ్ళని శిక్షణ జరిగే క్వారీకి రమ్మన్నారు. కూతురికి డిపోలో టికెట్ కిటికీ డ్యూటీ ఉంది, నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఫొటోల్లో కనిపించినంత అందమైనదేం కాదు. రాయి కొట్టీ కొట్టీ ఊట తగిలితే, యంత్రాలను కూడా తీసుకోకుండా వదిలేసి వెళ్ళిపోయిన గొయ్యి. నాలుగు వైపులా నిట్టనిలువు గోడలు, వాటి మీద ఉలి దెబ్బల వరసలు. నీళ్ళ దాకా ఇనప మెట్లు. అంచున ఆకుపచ్చ, రెండు బారలు పోతే నలుపు. అడుగున క్రేన్ ఒకటుందట, శిక్షణ కోసం దింపిన పాత బస్సు ఒకటుందట. ఒడ్డున షెడ్డు, సిలిండర్లలో గాలి నింపే మోటారు రొద, తడి రబ్బరు వాసన. మోటారు పక్కన నిలబడితే ఎవరి మాట వాళ్ళకే వినపడదు.

శిక్షకుడు భారీ మనిషి. ఎదురుగా సార్ అంటారు, వెనక తిమింగలం అంటారు. వెనక అనేది ఆయనకీ తెలుసు. పిల్లకి జోడీగా వేసినతను ఇంతకుముందు వెల్డింగ్ షాపులో చేసేవాడు, అందరూ వెల్డర్ అనే పిలుస్తారు. భార్య చంటిబిడ్డను భుజాన వేసుకుని వచ్చింది.

"అమ్మమ్మగారూ, నీళ్ళ కింద మీ పిల్లదీ నాదీ ఒకటే ఊపిరి" అన్నాడు వెల్డర్. "తన గాలి అయిపోతే నాది ఇవ్వాలి, నాది అయిపోతే తనది. పైకొచ్చాక మాత్రం నా టిఫిన్ డబ్బా ఖాళీ చేసేది తను, నాకేమీ ఇవ్వదు."

"అబద్ధం అమ్మమ్మా, వాళ్ళావిడే నాకు పెట్టమని కట్టిస్తుంది."

"అవునండీ. ఈయన తింటే సూట్ పట్టదు" అందావిడ.

తరవాత షెడ్డులో నీటి కింద తీసిన వీడియో వేశారు. ఇనప పలక మీద ఇద్దరిద్దరుగా మోకాళ్ళ మీద కూర్చున్నారు. తిమింగలం ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి సున్నా చుట్టి అడుగుతాడు, వాళ్ళు చుడతారు, అతను ముందుకు పోతాడు. మా పిల్ల చుట్టింది. అతను పోయాడు. మళ్ళీ చుట్టింది. ఎదురుగా ఎవరూ లేరు. మళ్ళీ చుట్టింది.

షెడ్డంతా నవ్వులు. "అడక్కుండానే చెబుతోంది సార్, మర్యాదస్తురాలు!" అన్నాడు వెల్డర్.

"చూశారా మేడం, ఎంత నిదానం!" అన్నాడు తిమింగలం. "మొత్తం బ్యాచ్‌లో ఇంత ప్రశాంతంగా ఉండే పిల్ల లేదు."

బుడుబుంగ కూడా నవ్వుతోంది, కానీ తెర వైపు కొత్తగా చూస్తోంది, వేరే ఎవరినో చూస్తున్నట్టు.

నేనూ నవ్వాను. అందరికంటే కొంచెం ఆలస్యంగా ఆపాను.

జూన్ 9, సోమవారం

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పరిచయస్తుల పిల్ల అని చెప్పాను. మనవరాలు నాకు పరిచయమే కనుక అబద్ధం కాదు.

అంతా విన్నాడు. "కింద పడి కొట్టుకుంటేనే మూర్ఛ కాదమ్మా. కొందరు కూర్చున్న చోటే కాసేపు లేకుండా పోతారు. చేతులు మాత్రం అలవాటైన పని చేసుకుపోతూనే ఉంటాయి. తరవాత వాళ్ళకేం గుర్తుండదు. పరీక్షలు చేసి మందులు మొదలుపెట్టాలి. అందాకా డ్రైవింగ్ వద్దు, నిప్పు దగ్గరికి వద్దు, ఎత్తులెక్కొద్దు. నీళ్ళ దరిదాపులకి అసలే వద్దు. ఆ పిల్లేం చేస్తుంటుంది?"

"చదువుకుంటోంది" అన్నాను.

శిక్షణంటే చదువే.

జూన్ 10, మంగళవారం

కూతురు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను. నించునే విన్నది.

"నువ్వు చూసింది ఒక్కసారి" అంది.

"వీడియోలో రెండోసారి."

"అమ్మా, ఏడాదిన్నర పాటు దాని గది తలుపు ముందు కంచం పెట్టింది నేను. గంట పోయాక అదే కంచం అలాగే తీసుకెళ్ళింది నేను. మర్చిపోయావా?"

"మర్చిపోవడానికి నేను వేరే ఇంట్లో లేనుగా."

"ఇప్పుడది తడి జుట్టుతో లోపలికొస్తూనే 'ఆకలితో చచ్చిపోతున్నా' అని వీధి వినేలా అరుస్తోంది. ఆ అరుపు కోసం నేను రోజంతా టికెట్ కిటికీలో నించున్న కాళ్ళతోనే ఇంటికి పరిగెడుతున్నాను. వెళ్ళు. నువ్వే వెళ్ళి చెప్పి ఆపించు. ఆ తరవాత దాని గది బయట నువ్వే కూర్చో."

నిద్రమాత్రల సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇక్కడా రాయను.

ఆఖరి పరీక్ష పదిహేడున. అది కాగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం, ఒక్క వారమేగా, అని ఇద్దరిలో ఒకరం అన్నాం. ఎవరన్నదీ గుర్తుపెట్టుకోలేదు.

నేనే అన్నాను.

జూన్ 11

పిల్లనే అడిగాను. బూట్లకి పౌడరు రాసుకుంటోంది.

"అప్పుడప్పుడూ మధ్యలో కొంత సమయం పోయినట్టు ఉంటోందా నీకు?"

"నాకు తెలీకుండా నాకేమవుతుందమ్మమ్మా?"

సరిగ్గా అదే అడుగుతున్నానని చెప్పలేకపోయాను.

"కాపీ కొట్టేవాళ్ళని చూసినట్టు చూస్తున్నావేంటి?" అని నవ్వింది. కాసేపు పౌడరు డబ్బా మూత తిప్పుతూ కూర్చుంది. "ఇది కూడా పోతే నా దగ్గర ఇంకేం లేదు. ఆ సంగతి నీకు తెలుసు."

తెలుసన్నాను. నిజంగానే తెలుసు.

జూన్ 12, గురువారం

దారి దొరికింది.

అసలు ఆ ప్రశ్నలోనే లోపం ఉంది. "అర్థమైందా?" అని అడిగితే తరగతి తరగతంతా తల ఊపుతుంది. అందులో సగానికి ఏమీ అర్థమై ఉండదు. అందుకే నేను ఎన్నడూ అర్థమైందా అని అడగలేదు, ఎంత వచ్చిందని అడిగాను. తల ఊపితే సరిపోని ప్రశ్న వెయ్యాలి. వీళ్ళకి అలాంటిదొకటి ఉంది. అరచేతి మీద రెండు వేళ్ళు కొడితే "గాలి ఎంతుంది" అని. మీటరు చూసుకుని, అంకె వేళ్ళతో చెప్పాలి. తెలివిలో లేని మనిషి అంకె చెప్పడం కుదరదు.

సాయంత్రం క్వారీ గేటు దగ్గర వెల్డర్‌ని పట్టుకున్నాను.

"నాయనా, ఒక సాయం చెయ్యాలి. దాన్ని సున్నాతో అడగడం మానేసి, గాలి ఎంతుందని అడుగు. మాటిమాటికీ అడుగు."

"ఎందుకమ్మమ్మగారూ?"

"పరధ్యానం ఎక్కువ దానికి."

"మా ఆవిడ కూడా నా గురించి అదే అంటుంది. సరే, అంకె చెప్పకపోతే?"

"ఆలోచించొద్దు. పైకి తీసుకొచ్చెయ్."

"టీచరమ్మ పరీక్ష నీళ్ళ కింద కూడా తప్పదన్నమాట!"

"నేను చెప్పానని దానికి చెప్పకు. మీ సార్‌కీ చెప్పకు. చిన్నబుచ్చుకుంటుంది."

"నా నోట్లోంచి రాదు. నీళ్ళ కింద ఎలాగూ రాదు" అన్నాడు. బండి తీసి, "ఎక్కండి, దింపుతాను" అన్నాడు. నడిచే వస్తానన్నాను.

పరధ్యానం అన్నాను. ధ్యానం వేరేచోట ఉండటమే పరధ్యానం. మాటలో తప్పు లేదు.

జూన్ 14

అడుగుతున్నాడట. "వెల్డర్‌కి కొత్త పిచ్చి పట్టుకుందమ్మమ్మా, నా గాలి లెక్క తప్ప వేరే ధ్యాస లేదు" అంది. ప్రతిసారీ సరిగ్గా చెబుతోందట.

కడుపునిండా తిన్నాను.

జూన్ 15

మూడు రోజులుగా ఏమీ లేదు. డాక్టరు చూడకుండానే చెప్పాడు, ఆ సంగతి కూడా ఉంది.

జూన్ 17, మంగళవారం

వెల్డర్‌ని ఎక్కడికో, గాలి ఒత్తిడి పెంచి వైద్యం చేసే పీడనం గది ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పిల్ల క్షేమం.

రాయలేను.

జూన్ 18

పిల్ల చెప్పిందీ, తిమింగలం ఫోన్లో చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

బస్సు దాటి అడుగుదాకా దిగారు. వెల్డర్ అరచేతి మీద వేళ్ళు కొట్టాడు. పిల్ల సున్నా చుట్టింది. మళ్ళీ కొట్టాడు. సున్నా. మూడోసారి కొట్టి, దాని భుజం పట్టి ఊపి, మాస్క్‌లోకి చూశాడు. వెంటనే ఒక చేత్తో దాని నోటి దగ్గర గాలిగొట్టం ఊడిపోకుండా అదిమిపట్టి, రెండో చేత్తో నడుం పట్టుకుని పైకి బయల్దేరాడు. సగం దారిదాకా నిదానంగానే తెచ్చాడు. అక్కడ పిల్లకి తెలివొచ్చింది. తెలివొచ్చేసరికి చుట్టూ చీకటి, ఎవరో మొహం మీద చెయ్యి వేసి నొక్కుతున్నారు. తన్నింది. గీరింది. అతని మాస్క్ లాగేసింది. ఆ పెనుగులాటలో తేలడానికి తొడుక్కునే చొక్కాలోకి గాలి నింపే మీట నొక్కుకుపోయి ఇద్దరూ బెండుముక్కల్లా నీటి మీదకి ఎగిరిపడ్డారు.

అంత లోతు నుంచి అలా రాకూడదు. నెత్తుట్లో బుడగలు కడతాయి. పిల్లకి ముక్కులోంచి కాస్త రక్తం, అంతే. అతను పొద్దున తాళ్ళు కట్టడానికి ఇంకోసారి కూడా దిగి ఉన్నాడు, బుడగలన్నీ అతనికే పట్టుకున్నాయి. ఒడ్డుకి చేర్చాక లేవబోతే కాళ్ళు లేవలేదట. "సార్, కాళ్ళు కనపడుతున్నాయి గానీ నావి కావు" అన్నాడట.

నేను అడగమన్న ప్రశ్నే అడిగాడు. తీసుకురమ్మన్నట్టే తీసుకొచ్చాడు. దేనితో తలపడుతున్నాడో మాత్రం అతనికి తెలియదు. తెలిసి ఉంటే, మేలుకుంటూనే కొట్టుకుంటుందని, అందుకు సిద్ధంగా ఉండాలని తెలిసి ఉండేది. పైన ఇంకో మనిషిని నిలబెట్టుకునేవాడు.

కాదు. తెలిసి ఉంటే దాన్ని దిగనిచ్చేవాడే కాదు.

జూన్ 20, శుక్రవారం

తిమింగలం ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని టీ తాగాడు.

"వీడియో చూశాం మేడం. మీ పిల్ల బాగానే ఉన్నానని స్పష్టంగా చెబుతూనే ఉంది. అతనే బెదిరిపోయాడు. లోతులో కొందరికి మతి తిరుగుతుంది. బాగున్నానంటున్న మనిషిని ఈడ్చుకుంటూ పైకి రావడం! మీ పిల్ల కాక ఇంకెవరైనా అయితే చంపేసేవాడు. దళంలోంచి తీసేస్తున్నాం. పైగా తప్పు తనదైతే ఆసుపత్రి ఖర్చు కూడా ఇంటివాళ్ళే పెట్టుకోవాలి. రూల్ అది."

"అతనేమంటున్నాడు?"

"అంకె చెప్పలేదంటాడు. సున్నా చుట్టింది కదయ్యా అంటే మాట్లాడడు. ఎందుకు అన్నిసార్లు గాలి అడిగావంటే దానికీ మాట్లాడడు." కప్పు కింద పెట్టాడు. "మీ పిల్లకి ఇరవై మూడున మళ్ళీ పరీక్ష. కొత్త జోడీని ఇస్తున్నాం. పెళ్ళికాని పిల్లే, మొన్ననే చేరింది. మీ అమ్మాయి పక్కనుంటే దానికి ధైర్యం."

ఆయన పోయాక బుడుబుంగ నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. "ఎందుకలా చేశాడమ్మమ్మా? నేను బాగానే ఉన్నాను కదా. కళ్ళు మూసుకుని నమ్మాను అతన్ని."

జుట్టు నిమిరాను. జుట్టు నిమరడం తప్ప ఏమీ చెయ్యలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

జూన్ 21

వెల్డర్ భార్య ఫోన్ చేసింది. వెనక బిడ్డ ఏడుపు, ఎవరో పేర్లు పిలుస్తున్న ఆసుపత్రి గొంతు.

"అమ్మమ్మగారూ, ఈయన నాక్కూడా నిన్ననే చెప్పారు. మీరే అడగమన్నారటగా గాలి ఎంతుందని. సార్‌తో ఆ ఒక్క మాట చెప్పు అంటే, ఎవరికీ చెప్పనని పెద్దావిడకి మాటిచ్చానంటారు. నా మీద ఒట్టు పెట్టినా చెప్పడం లేదు. మీరు చెప్పండమ్మా. ఆయన బెదిరిపోలేదని చెప్పండి. కాళ్ళు వస్తాయో రావో తెలీదంటున్నారు. పిరికివాడనే మాటతో మంచంలో పడుకోలేకపోతున్నారు."

"చూస్తానమ్మా" అన్నాను.

ఫోన్ పెట్టాక చాలాసేపు ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. చూస్తాను. చూడటమే కదా నేను చేసింది. నెలంతా చూస్తూనే ఉన్నాను.

జూన్ 22, ఆదివారం, మధ్యాహ్నం

రేపే పరీక్ష.

పొద్దున పళ్ళు తోముకుంటూ పిల్ల అద్దం ముందు ఆగిపోయింది. కుళాయి పారుతూనే ఉంది. నేను వెనకే నిలబడ్డాను. పిలవలేదు. వచ్చేదాకా నిలబడ్డాను. వచ్చింది. "ఏంటి అలా నించున్నావ్?" అంది. నురగ ఉమ్మేసి, ఈల వేసుకుంటూ కొత్త పిల్లకి సైగలు నేర్పడానికి వెళ్ళింది. నాలుగింటికి వస్తానంది.

కూతురితో అన్నాను: "ఈ రోజు చెప్పేస్తున్నాను."

మడత పెడుతున్న బట్ట అలాగే పట్టుకుంది. "అది మళ్ళీ మాత్రలు మింగితే?"

"మింగనివ్వను."

"అప్పుడు కూడా ఇంట్లోనే ఉన్నావుగా అమ్మా."

ఉన్నాననే అన్నాను. "అది బతుకుతుందో లేదో నాకు తెలీదు. చెప్పకపోతే మాత్రం ఎవరితో కలిసి చస్తుందో తెలుసు. ఆ కొత్త పిల్లకీ ఓ అమ్మ ఉంటుంది, ఓ కిటికీలో నించుని ఉంటుంది."

కూతురు బట్టలో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "నాచేత చెప్పించకు. పక్కన కూర్చుంటాను, అంతే" అంది.

అది చాలు. నాలుగు కావస్తోంది. చెయ్యాల్సినవి:

1. ముందు పిల్లకే చెప్పాలి. దాని గురించి దానికంటే ముందు ఇంకెవరికీ తెలియకూడదు. పరధ్యానం, నిద్ర చాలకపోవడం లాంటి మాటలు వాడకూడదు. మూర్ఛ అనే చెప్పాలి.

2. వెల్డర్‌ని గాలి అడగమన్నది నేనేనని, ఎందుకో అతనికి చెప్పలేదని కూడా ఆ కూర్చోవడంలోనే చెప్పాలి. అతను దాన్ని చంపబోలేదు, బతికించాడు. ఇది దాచి మిగతాది చెబితే చెప్పనట్టే.

3. ఈ సాయంత్రమే తిమింగలం ఇంటికి. పిల్ల వస్తే పిల్లతో, రాకపోతే నేనొక్కదాన్నే. వీడియోలు రెండూ ముందు పెట్టించి, ఎక్కడ చూడాలో వేలు పెట్టి చూపించాలి. చెప్పినదంతా రాసి సంతకం పెట్టి ఇవ్వాలి.

4. రేపు పొద్దున మొదటి బస్సుకి ఆసుపత్రికి. వెల్డర్‌కీ, అతని భార్యకీ, ఇద్దరికీ ఎదురుగా. క్షమించమని అడగకూడదు, అడిగితే ఆ మంచి మనిషి సరేననేస్తాడు. జరిగింది చెప్పి, ఇచ్చిన మాట నుంచి అతన్ని విడిపించి, వాళ్ళు పొమ్మనేదాకా నిలబడాలి.

5. ఎల్లుండి నరాల డాక్టరు. పరిచయస్తుల పిల్ల కాదని చెప్పాలి.

6. ఇకనుంచి పిల్ల ఉన్న గదిలోనే నా పడక. వద్దంటుంది. అయినా అక్కడే.

7. అది నన్ను తిడుతుంది. ఎంతసేపు తిట్టినా వినాలి. మధ్యలో ఏ మాటా సరిదిద్దకూడదు.